తగ్గని తగరం

చుక్కలత్త అని ఆమెకు పేరు పెట్టింది తమ్ముడి కూతురు. మాటలు అప్పుడప్పుడే వస్తున్న వయసులో, మీ అత్త ఏం పని చేస్తుందమ్మా అని ఎవరో అడిగితే, నూనె చుక్కలు చూస్తుంది అని చెప్పిందట. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ల్యాబులోకి పాకింది. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లు ఈవిడేదో జాతకాలు చెప్పే మనిషి కాబోలు అనుకునేవాళ్లు. సీసా మీద చీటీ సరిగ్గా అంటించకుండా లోపలికి పంపిన మొదటి రోజే, ఆవిడ చూసే చుక్కలు వేరు, చూపించే చుక్కలు వేరు అని వాళ్లకు తెలిసొచ్చేది.

ల్యాబు బస్సు డిపో వెనక సందులో ఉంది. రెండంతస్తుల మేడలో కింది భాగం. కిటికీ తీస్తే డీజిల్ పొగ, మూస్తే మందుల ఘాటు. చుక్కలత్త ఇరవై ఆరేళ్లుగా ఆ కిటికీని సగం తీసి, సగం మూసి నెట్టుకొచ్చింది. లారీలు, బస్సులు, జనరేటర్లు, పడవలు, వీటన్నిటి ఇంజన్ నూనె బొటనవేలంత సీసాల్లో ఆవిడ బల్ల మీదికి వచ్చేది. వారానికి ఒకటో రెండో చిన్న విమానాలవి.

ఇంజన్ లోపల ఏ భాగం అరిగినా దాని పొడి నూనెలో కలుస్తుంది. కంటికి ఆనదు, వేలికి తగలదు. ఆ నూనెను కాస్త యంత్రంలో మండిస్తే ఒక్కో లోహం ఒక్కో రంగులో వెలుగుతుంది. యంత్రం ఆ వెలుగును కొలిచి, పది లక్షల పాళ్ల నూనెలో ఇనుము ఇన్ని పాళ్లు, రాగి ఇన్ని పాళ్లు అని అంకెలు వేసి ఇస్తుంది. అంకెలు వేయడం వరకే యంత్రం పని. ఆ అంకెల కింద రెండు గీతల ఖాళీ ఉంటుంది. అందులో ఏం రాయాలన్నది చుక్కలత్త పని. ఆ రెండు గీతలు చూసి బస్సులు షెడ్డుకు వెళ్లేవి, పడవలు ఒడ్డున ఆగేవి. ఆవిడ "మామూలే" అని రాస్తే మాత్రం ఇక ఎవరూ దాన్ని తిరగేసి చూసేవారు కాదు.

పెళ్లి మాట ఎత్తితే, ముందు తమ్ముడు ఒక దారిన పడనీ అనేది. తల్లి పోయేనాటికి వాడికి పదకొండేళ్లు. తండ్రి లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ దిగడు. అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి, విమాన మెకానిక్కుల శిక్షణకు దరఖాస్తు నింపడం దాకా అన్నీ ఆవిడే. వాడు ఒక దారిన పడ్డాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. అప్పటికి ఆవిడకు పెళ్లి సంగతి గుర్తు చేయడం అందరూ మానేశారు, ఆవిడా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

తమ్ముడు పనిచేసే విమానాశ్రయం పేరుకే విమానాశ్రయం. ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, మేడ మీద రేడియో పెట్టుకున్న ఒక గది. ఆ గదిని అందరూ టవర్ అనేవాళ్లు. అంతా కలిపి ఐదారు చిన్న విమానాలు. వాటిలో ఒకటి సర్వే విమానం. కరెంటు తీగల వెంబడీ, జలాశయాల మీదుగా తిరుగుతూ ఫోటోలు తీస్తుంది. దాని ఇంజన్ పాతబడి నాలుగు సిలిండర్లలోనూ బిగువు తగ్గిపోతే, తమ్ముడు ఐదు రోజులు కూర్చుని నాలుగింటికి నాలుగూ కొత్తవి వేశాడు. తోటి మెకానిక్ సెలవులో ఉన్నాడు. ఒంటి చేతి మీద చేశాడని అందరూ మెచ్చుకున్నారు. ఆ మాట మరదలు ఫోన్లో చెబుతుంటే చుక్కలత్త కూడా మురిసిపోయింది.

పది గంటలు ఎగిరాక మొదటి సీసా వచ్చింది. చీటీ మీద తమ్ముడి గుండ్రటి అక్షరాలు. "కొత్త సిలిండర్లు. నాలుగూ. పది గంటలు."

అంకెలు చూస్తే గుండె ఆగేలా ఉన్నాయి. అదే ఇంజన్‌కి పాత సిలిండర్లు ఉన్నప్పుడు ఇరవై ఎనిమిది దగ్గర ఉండే ఇనుము ఇప్పుడు నూట నలభై. క్రోమియం, నికెల్, రాగి, అన్నీ ఎగబాకి కూర్చున్నాయి. వేరే ఇంజన్ అయితే ఎర్ర సిరా పెన్ను తీయాల్సిందే. కానీ కొత్త సిలిండర్ల సంగతి ఆవిడకు తెలియంది కాదు. కొత్త గోడలకు కొత్త రింగులు ఒరుసుకుని, ఒకదానికొకటి అమరేదాకా పొడి రాలుతూనే ఉంటుంది. మొదటి పాతిక, ముప్పై గంటలు అంకెలు అలా భయపెట్టి, తర్వాత వాటంతటవే దిగొస్తాయి. చూడాల్సింది అంకె ఎంత అని కాదు, ఎటు పోతోంది అని.

ఆ వరసలో అట్టడుగున తగరం ఉంది. ఆరు.

ఆ ఇంజన్ నూనెలో తగరం ఎప్పుడూ ఒకటి దాటలేదు. నూట నలభై పక్కన ఆరు ఎవరి కంటా పడేది కాదు. చుక్కలత్త కంట పడింది. పెన్ను మొన ఆ అంకె పక్కన ఆనించి కాసేపు అలాగే కూర్చుంది. సిలిండర్లలో తగరం ఉండదు, రింగుల్లో ఉండదు. ఈ ఇంజన్ పిస్టన్లకు తగరం పూత కూడా లేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? బిగించేటప్పుడు భాగాలకు రాసే జిడ్డులో ఉందేమో అనుకుంది. అలా అనుకోవడానికి ఆధారమేమీ లేదు. కానీ చీటీ మీద ఉన్న అక్షరాలను దిద్దించింది ఆవిడే. ఆ చెయ్యి తప్పు చేయదన్న నమ్మకం ఆవిడకు ఎముకల్లో ఇంకిపోయింది.

"కొత్త సిలిండర్లు ఒరుసుకుంటున్నాయి. మామూలే" అని రాసి సంతకం పెట్టింది.

రెండో సీసా ఇరవై రెండు గంటలప్పుడు వచ్చింది. ఇనుము ఎనభైకి దిగింది. క్రోమియం సగమైంది. అనుకున్న దారిలోనే నడుస్తున్నాయి. రాగి మాత్రం పద్నాలుగు నుంచి ఇరవై ఒకటికి ఎక్కింది. తగరం పదకొండు.

అన్నీ మెట్లు దిగుతుంటే ఆ రెండు మాత్రం ఎదురెక్కుతున్నాయి. రాగీ, తగరమూ, సీసమూ కలిసి ఉండే చోటు ఇంజన్లో ముఖ్యంగా ఒకటే. ప్రొపెల్లర్‌ను తిప్పే పెద్ద ఇరుసు కింద, పైన చిప్పల్లా అమరి దాన్ని మోసే బేరింగులు. సీసం చూద్దామా అంటే అది విమాన పెట్రోల్లోనే ఉంటుంది. నూనెలోకి దిగి వేలల్లో తేలుతుంది. బేరింగు నుంచి వచ్చిన నాలుగు పాళ్లు ఆ వేలల్లో ఎక్కడ కనపడతాయి? ఇక మాట్లాడగలిగింది తగరం ఒక్కటే.

తమ్ముడికి ఫోన్ చేసింది. రాగీ తగరమూ పెరుగుతున్నాయి, నీకేమైనా అనుమానంగా ఉందా అని అడిగింది. వాడు నవ్వాడు.

"కొత్త సిలిండర్లంటే కొత్త కాపురమే కదక్కా. కొన్నాళ్లు గిన్నెలు మోగుతాయి, తర్వాత సర్దుకుంటాయి."

"గిన్నెలు మోగేది వంటింట్లోనే అయితే సరే. ఇది వంటింట్లోంచి కాదేమోరా."

"నువ్వు ప్రతిదానికీ భయపడతావు. ఇంకో పది గంటలు తిరగనీ, చూద్దాం."

వాడి గొంతులో నవ్వు ఉంది గానీ, ఆ నవ్వు ఎప్పుడూ ఉండేంత కాదు. ఆవిడ ఆ సంగతి గమనించింది. గమనించి పక్కన పెట్టింది. ఈసారి మామూలే అని రాయలేదు. "రాగి, తగరం గమనించాలి. పది గంటల్లో మళ్లీ పంపండి" అని రాసింది. ఆ కాగితం తమ్ముడి చేతికే వెళ్తుంది. విమానం యజమానికి చేర్చాల్సింది వాడే. చేర్చాడో లేదో ఆవిడ అడగలేదు.

మూడో సీసా కోసం ఎదురుచూసిన పది రోజులూ చుక్కలత్త మనసు మనసులో లేదు. తమ్ముడి ఇంటికి ఆదివారం భోజనానికి వెళ్లింది. వాడు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. ఈమధ్య ఈయనకు ఆకలే లేదు వదినా, పడుకున్నా ఉలిక్కిపడి లేస్తున్నారు అని మరదలు చెప్పింది. పని ఎక్కువైంది అంటూ వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. అడగడానికి అదే సమయమని ఆవిడకు తెలుసు. మేనకోడలు ఎదురుగా ఉందని ఊరుకుంది. ఆ పిల్ల వాళ్ల నాన్న గురించి కాలేజీలో గొప్పలు చెబుతుంది.

మూడో సీసా తమ్ముడు పంపలేదు. సర్వే పైలట్ స్వయంగా తెచ్చాడు. ఒక పొద్దున్న తొమ్మిదింటికి, ల్యాబు గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చాడు. ఆకాశంలో తిరిగేవాడికి నేల మీద చోటు చాలనట్టు ఉండే మనిషి. మెకానిక్ గారు ఈ సీసా మొన్నటి నుంచి బల్ల మీదే పెట్టారు, నేను ఇటే వస్తున్నానని తీసుకొచ్చానమ్మా అన్నాడు. చుక్కలత్త చీటీ చూసింది. ముప్పై ఐదు గంటలు.

వెళ్లబోతూ అతను ఆగాడు.

"నూనె ప్రెషర్ ముల్లు ఇదివరకటి కన్నా ఒక గీత కింద నిలబడుతోంది. మీటర్ పాతది, పట్టించుకోవద్దని మీ తమ్ముడు గారన్నారు. మీటర్ పాతదే అనుకోండి. మీకు చెప్పాలనిపించింది."

"మళ్లీ ఎప్పుడు ఎగురుతున్నారు?"

"ఇవాళే. పదిన్నరకు బయల్దేరి, జలాశయం అవతలి కొండల దాకా. రెండున్నరకల్లా వచ్చేస్తాను."

ఆపి ఉండాల్సింది. ఆ మాట ఆవిడ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. కానీ చేతిలో అంకె లేకుండా ఒక విమానాన్ని ఎలా ఆపుతావు? ఏమని చెప్పి ఆపుతావు? ఫలితం రాగానే ఫోన్ చేస్తానంది. అతను తల వంచి గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

వరసలో ఉన్న బస్సుల సీసాలన్నీ పక్కకు జరిపి, ఆ సీసా ముందు పెట్టింది. ఆ రోజే యంత్రానికి కొలత సరిచూడాల్సిన వంతు వచ్చింది. అది కాకుండా పెట్టిన ఫలితాన్ని నమ్మలేం. ఒక్క మెట్టూ దాటేయకుండా అంతా పూర్తి చేసేసరికి పదకొండు కావస్తోంది. కాగితం బయటికి వచ్చింది. ఇనుము యాభై రెండు. క్రోమియం ఆరు. కొత్త సిలిండర్లు ముచ్చటగా అమరిపోయాయి. ఎవరికైనా చూపిస్తే శభాష్ అనే కాగితం.

రాగి ముప్పై మూడు. తగరం పంతొమ్మిది.

ఆవిడ ఇంకో చుక్క తీసి మళ్లీ పెట్టింది. పంతొమ్మిదే.

పైలట్ ఫోన్ ఆపేసి ఉంది. తమ్ముడి ఫోన్ మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ. రన్‌వే పక్క గది నంబరు ల్యాబులో ఎవరి దగ్గరా లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా టాక్సీ ఎక్కింది.

షెడ్డులో తమ్ముడు ఇంకో విమానం చక్రం విప్పుతున్నాడు. ఫోన్ బల్ల మీదే, ముఖం బోర్లించి ఉంది. అక్కను చూడగానే లేచాడు. ఎందుకొచ్చావని అడగలేదు. ఆ అడగకపోవడంతోనే ఆవిడకు సగం తెలిసిపోయింది.

"తగరం పంతొమ్మిది," అంది.

వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నూనె మార్చినప్పుడు ఫిల్టర్ కోసి చూశావా?"

చూశానన్నాడు. ఏముందని అడిగితే నీళ్లు నమిలాడు. పెద్దగా ఏం లేదన్నాడు, పారేశానన్నాడు. ఆవిడ వాడి కళ్లు ఎటు పోయాయో చూసింది. గోడ పక్క బల్ల చివర ఒక పళ్లెం, దాని మీద పాత తువ్వాలు కప్పి ఉంది. వెళ్లి తువ్వాలు ఎత్తింది. కోసి పరిచిన ఫిల్టర్ కాగితం. మడతల్లో తళుక్కుమంటూ నాలుగైదు రేకులు, ఒక్కొక్కటి ఆవగింజంత కూడా లేదు. పక్కనే అయస్కాంతం ఉంది. ఆవిడ దాన్ని ఆ రేకుల మీద తిప్పింది. ఒక్కటీ కదల్లేదు. ఇనుము కాదు. పక్కన అయస్కాంతం పెట్టుకున్నాడంటే వాడూ ఈ పని చేసి చూసినట్టే.

"ఎప్పుడు కోశావు దీన్ని?"

"మొన్న."

"మొన్న చూసి, ఇవాళ ఎగరనిచ్చావా?"

షెడ్డు రేకుల మీద ఎండ చిటపటమంటోంది. తమ్ముడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగకుండా చెప్పాడు.

ఆ ఇంజన్ పెట్టె రెండు ముక్కలుగా ఉంటుంది. రెండు ముక్కల్నీ కలిపి బిగించే పొడుగాటి బోల్టులే సిలిండర్లనూ పట్టుకుంటాయి. సిలిండర్ తీస్తే ఆ బిగువు వదులవుతుంది. లోపల ఇరుసును పట్టుకున్న బేరింగు చిప్పలూ వదులవుతాయి. అందుకే ఇరుసు తిప్పే ముందు ఆ బోల్టులకు మందపాటి బిళ్లలు తొడిగి, నట్లు బిగించి తీరాలి. మూడు సిలిండర్ల దగ్గర అలాగే చేశాడు. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి బిళ్లలు తక్కువ పడ్డాయి. మిగతావి తోటి మెకానిక్ అలమారలో ఉన్నాయి, తాళం వాడి దగ్గర ఉంది. పిస్టన్ సరిగ్గా పైకి రావాలంటే ప్రొపెల్లర్ కొంచెం తిప్పాలి.

"పావు తిప్పు, అక్కా. పావు తిప్పే తిప్పాను. తిప్పుతుంటే లోపల చిన్నగా పట్టినట్టయింది. తర్వాత తేలిగ్గా తిరిగింది. ఏం కాలేదులే అనుకున్నాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మళ్లీ మొత్తం విప్పాలంటే... అందరూ అప్పటికే మెచ్చుకుంటున్నారు." వాడు తల దించుకున్నాడు. "నువ్వు మామూలే అని రాశావు. అది చూసి ఆ రోజు నిద్రపోయాను."

చుక్కలత్తకు చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత తీరిగ్గా ఏడవొచ్చు. వాడి మోచెయ్యి పట్టుకుని మేడ మెట్ల వైపు లాక్కెళ్లింది. పై గదిలో రేడియో ఆపరేటర్ టీ తాగుతున్నాడు. ఇద్దరి ముఖాలూ చూసి కప్పు కింద పెట్టేశాడు.

మైకు తమ్ముడే తీసుకున్నాడు. వెంటనే వెనక్కి రమ్మని, వేగం తగ్గించుకోమని, ఎత్తు మాత్రం వదలొద్దని చెప్పాడు. బేరింగు జరిగి ఉండొచ్చన్నాడు. తప్పు తనదేనన్నాడు. ఆ చివరి మాట చెప్పక్కర్లేదు, అయినా చెప్పాడు.

కాసేపు గరగర మాత్రమే వినపడింది. తర్వాత పైలట్ గొంతు, నింపాదిగా.

"నేనే అడుగుదామనుకుంటున్నా. ముల్లు ఇందాకటి నుంచి ఇంకో రెండు గీతలు దిగింది. తిరుగుతున్నాను."

దారిలో కరెంటు తీగల ఫోటోలు తీసుకుంటూ వెళ్లిన అతను అప్పటికి జలాశయం మీద సగం దూరంలో ఉన్నాడు. తిరిగి రావడానికి ముప్పై ఐదు నిమిషాలు. గోడ గడియారం ముల్లు తప్ప ఆ గదిలో ఇంకేదీ కదల్లేదు. ఐదేసి నిమిషాలకోసారి పైలట్ తన ఎత్తూ, ప్రెషరూ చెప్పేవాడు. ఆపరేటర్ కాగితం మీద రాసుకునేవాడు. ప్రెషర్ ప్రతిసారీ తగ్గుతోంది. చుక్కలత్తకు ఎందుకో తన కాగితాలే గుర్తొచ్చాయి. ఆరు, పదకొండు, పంతొమ్మిది. అక్కడ ఎక్కిన ప్రతి అంకే ఇక్కడ దిగుతున్నట్టుంది.

జలాశయం దాటేశానని చెప్పినప్పుడు ముగ్గురూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇంకో తొమ్మిది నిమిషాలకు కిటికీలోంచి విమానం కనిపించింది, చెట్ల మీద చిన్న గీతలా. ఇంజన్ చప్పుడు కూడా వినిపించింది. అందులో సన్నగా ఇంకో చప్పుడు కలిసింది, రాయి మీద ఇనుము గీసినట్టు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ప్రొపెల్లర్ కర్రలా నిలబడిపోయింది.

ఎత్తు వదలొద్దన్న మాట అక్కడ పనికొచ్చింది. విమానం చప్పుడు లేకుండా జారుతూ రోడ్డు దాటింది, కంచె దాటుతుందనే అనుకున్నారు. దాటలేదు. కంచెకు అవతలే బీడు నేలలో దిగి, ఒక గట్టుకు కొట్టుకుని ముక్కు మీద ఆగింది. తమ్ముడు మెట్లు ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. అందరికన్నా ముందు అక్కడికి చేరి, తలుపు ఊడబెరికి, పైలట్‌ను భుజం మీద వేసుకుని బయటికి లాగాడు.

పైలట్ మణికట్టు విరిగింది, మూడు పక్కటెముకలు చిట్లాయి. ఆ రోజు రెండున్నర దాకా ఎగిరి ఉంటే కొండల మీదో, నీళ్ల మీదో ఇంజన్ ఆగేదని తర్వాత లెక్క వేసి చెప్పారు. చుక్కలత్త ఆసుపత్రికి వెళ్లింది. గది గుమ్మంలో పైలట్ భార్య నిలబడి, ఆయన నిద్రపోతున్నారు అంది. లోపల్నుంచి అతను ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఆవిడ ఆ గొంతు విని, సరేనమ్మా అని వెనక్కి వచ్చేసింది.

ఇంజన్ విప్పారు. మధ్య బేరింగు చిప్ప తన చోటు నుంచి జరిగి, ఇరుసుతో పాటు తిరిగింది. నూనె రావాల్సిన బెజ్జం మూసుకుపోయి ఉంది. పావు తిప్పుతో కాస్త జరిగిన చిప్ప ముప్పై ఐదు గంటల పాటు కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చిందని, చివరి రోజు పూర్తిగా తిరిగిపోయిందని విచారణకు వచ్చిన అధికారి రాసుకున్నాడు. తమ్ముడు ఏదీ దాచలేదు. తువ్వాలు సంగతి కూడా తనే చెప్పాడు. వాడి లైసెన్సు రద్దు చేశారు.

చుక్కలత్తను కూడా పిలిచారు. అధికారి నెమ్మదస్తుడు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. రెండో దాని మీదా, మూడో దాని మీదా ఆయనకు అనుమానం లేదు. మొదటి దాని మీద వేలు పెట్టాడు. ఇక్కడ ఆరు ఉంది, మీరు చూడలేదా అని అడిగాడు. పక్కన ల్యాబు పెద్దాయన కూర్చున్నాడు. అన్ని అంకెలూ ఎక్కువగా ఉన్నప్పుడు అది కనపడకపోవడం సహజమే అని అందించబోయాడు.

"కనపడింది," అంది చుక్కలత్త. "చీటీ మీద మా తమ్ముడి అక్షరాలు కూడా కనపడ్డాయి. వేరేవాళ్లదైతే ఫోన్ చేసి అడిగేదాన్ని."

అధికారి అది రాసుకున్నాడు. ల్యాబు వాళ్లు ఆవిడను ఆర్నెల్లు సంతకం లేని పనిలో పెట్టారు, సీసాలు కడిగే గదిలో. ఆవిడ ఎదురు చెప్పలేదు. ఆ గదికి అసలు కిటికీయే లేదు.

తమ్ముడు నీళ్ల మోటార్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. అక్కతో మాటల్లేవు. కోపమో సిగ్గో వాడికే తెలియాలి. మరదలు మధ్యలో నలిగిపోయి, వారానికోసారి ఫోన్ చేసి ఏడ్చేది. మేనకోడలు మాత్రం ఒక్కరోజు కూడా రావడం మానలేదు. కాలేజీ నుంచి నేరుగా వచ్చి, అత్త మంచం మీద వాలి, వాళ్ల నాన్న సంగతి ఎత్తకుండా ఏవేవో కబుర్లు చెప్పి వెళ్లేది. ఒకసారి మాత్రం, నాన్న తప్పు చేశాడని నాకు కోపం లేదత్తా, తువ్వాలు కప్పాడని కోపం అంది. చుక్కలత్త ఆ పిల్ల తల నిమిరింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"మొదటి కాగితం అప్పుడే నువ్వు ఫోన్ చేసి అడిగి ఉంటే చెప్పేవాణ్ణా అని ఆలోచిస్తున్నాను," అన్నాడు.

"చెప్పేవాడివా?"

"తెలీదక్కా. నిజంగా తెలీదు."

ఆవిడ లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. వాడు వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వెళ్లి, మెట్లు దిగేదాకా నిలబడింది. ఆ తర్వాత వాడు అప్పుడప్పుడూ వచ్చేవాడు.

సంతకం చేసే పని మళ్లీ చేతికొచ్చాక చుక్కలత్త ఒక మార్పు అడిగింది. సీసాలు లోపలికి వచ్చేటప్పుడు చీటీ మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. ల్యాబు పెద్దాయన ఒప్పుకున్నాడు. ఇంకోటి మాత్రం ఎవర్నీ అడక్కుండా తనే మొదలుపెట్టింది. సిలిండర్లు మార్చిన విమానం నూనె ఎప్పుడు వచ్చినా, అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ నంబరు ఎవరిదో ఆఫీసులో కనుక్కుని మెకానిక్‌కు ఫోన్ చేసేది. సిలిండర్లు విప్పినప్పుడు ఇరుసు తిప్పారా, బోల్టులకు బిళ్లలు వేశారా అని అడిగేది. చాలామంది వెంటనే చెప్పేవాళ్లు. కొందరు విసుక్కునేవాళ్లు.

కిందటి నెల ఒకాయన ఏమీ చెప్పలేదు. ప్రశ్న విన్నాక అవతల నుంచి మాట రాలేదు. వెనకాల ఎక్కడో సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. చుక్కలత్త కాగితం ముందుకు లాక్కుని చూసింది. తగరం రెండు. రెండంటే ఏమీ కాదు. రెండు ఎవరికైనా ఉండొచ్చు. ఆవిడ ఆ నిశ్శబ్దాన్ని వింటూ, కుర్చీ జరుపుకుని కూర్చుంది. కాసేపటికి ఆయన, గుర్తు లేదండీ అన్నాడు. ఆ విమానాన్ని ఎగరనివ్వొద్దని ఆవిడ అప్పుడే యజమానికి రాసి పంపింది.

వారం రోజులు పని ఆపి ఇంజన్ విప్పితే, లోపల బేరింగులన్నీ ఉన్న చోటే ఉన్నాయి. యజమాని ల్యాబుకు వచ్చి, బల్ల మీద కొట్టి మరీ అరిచాడు. నలుగురూ పని ఆపి చూశారు. చుక్కలత్త చేతులు కట్టుకుని అంతా విన్నది. ఆయన వెళ్లిపోయాక, పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చి, ఇకముందు కాస్త చూసి రాయండమ్మా అన్నాడు.

చూసే రాశానండీ అని చెప్పి, ఆవిడ తర్వాతి సీసా మూత తిప్పింది.